నాన్న కాచిన జావ

మార్చి 4

గోధుమ.

డాక్టరు గారు ఆ తర్వాత చాలా చెప్పారు. నాకు ఆ ఒక్క మాట తర్వాత ఏదీ సరిగ్గా వినిపించలేదు. నేను క్యాన్సరేమోనని భయపడి వెళ్లాను. ఆ సంగతి నాన్నకి చెప్పలేదు. గొంతులోంచి కెమెరా పంపి, లోపల్నుంచి చిన్న ముక్క తీసి, వారం ఆగమని, చివరికి చెప్పింది ఇది. సీలియాక్. గోధుమ నా పేగుకి పడదు. పడకపోవడమంటే తుమ్ములూ దురదలూ కాదు. అది వెళ్లినప్పుడల్లా పేగు లోపలి పొర అరిగిపోతోంది. అందుకే ఏం తిన్నా ఒంటికి పట్టలేదు. అందుకే రక్తం లేదు, జుట్టు లేదు, నోట్లో పుళ్లు.

"ఎప్పట్నుంచి?" అని అడిగాను.

"చిన్నప్పట్నుంచే అయ్యుండొచ్చు. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఇది కుటుంబాల్లో వస్తుంది."

"తెలీదండీ" అన్నాను.

నాన్న అప్పుడు కింద మందుల షాపు దగ్గర ఉన్నారు.

మార్చి 5

చిన్నప్పుడు నాకు కడుపు పాడైనప్పుడల్లా అన్నం మానిపించి బ్రెడ్డు పెట్టేవారు. పథ్యం. ఎన్నిసార్లో. అందరూ ఎంత ప్రేమగా పెట్టేవారో.

మార్చి 9

ఆదివారం. వంటిల్లు ఖాళీ చేశాం.

నానమ్మ పీట వేసుకుని కూర్చుంది, పంచాయితీకి వచ్చిన పెద్దమనిషిలా.

"అంటే ఉప్మా కూడా తినకూడదా?"

"కూడదు."

"సేమ్యా?"

"కూడదు నానమ్మా."

"పోనీ పూరీ?"

"పూరీ దేంతో చేస్తారు?"

"అదీ నిజమే." కాసేపు ఆలోచించింది. "మనం అన్నం తినేవాళ్లం కదే. ఈ చపాతీలోళ్ల జబ్బు మనకెలా అంటుకుంది?"

నాన్న నవ్వలేదు. కళ్లజోడు మీద ఇంకో భూతద్దం పెట్టుకుని ప్రతి డబ్బా మీద అక్షరాలూ చదువుతున్నారు. ఉక్కు ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్లుగా మీటర్లు చూస్తున్న మనిషి. "ఇంగువలో గోధుమపిండి ఉందటమ్మా!" అని కేక పెట్టారు. ఇంగువ డబ్బా పట్టుకుని నిలబడిపోయారు. మా ఇంట్లో పప్పులో, చారులో, పులిహోరలో, ఆవకాయలో అది పడని రోజు లేదు. మాల్ట్ పొడి చదివారు. అందులోనూ ఉంది. బలం రావాలని నానమ్మ నాకు రెండు పూటలా కలిపి ఇచ్చేది.

అన్నీ సంచిలో వేసి పక్క క్వార్టర్ వాళ్లకి ఇచ్చేశాం. అరలన్నీ కడిగాను. దేవుడి అలమర మాత్రం వదిలేశాను, అక్కడ తిండి వస్తువులేముంటాయి.

నానమ్మకి షుగర్. రాత్రిళ్లు రెండు చపాతీలు ఉండాలి. ఆ పిండి డబ్బా, పెనం వెనక వరండాలోకి మార్చాం. "నన్నూ నా పిండినీ వెలేశారు" అంది. నవ్వుతూనే అంది.

మార్చి 12

పాలు, పెరుగు కూడా కొన్నాళ్లు మానాలట. పుండు పడిన పేగు పాలని అరిగించుకోలేదట. పుండు మానాక అవి మళ్లీ పడతాయట.

పెరుగు లేకుండా భోజనం ఎక్కడ ముగించాలో తెలియడం లేదు. చారన్నం అయ్యాక ఊరికే కూర్చుంటున్నాను.

మార్చి 15

నాన్న రోజూ రాగి జావ కాస్తున్నారు. నానమ్మ దాన్ని చోడి జావ అంటుంది. పిండి మరకి ఇవ్వనన్నారు, అక్కడ గోధుమలు కూడా ఆడతారని. తనే రాగులు కడిగి, డాబా మీద ఆరబోసి, కొత్త మిక్సీ జారులో పట్టి, కొత్త గిన్నెలో కాస్తున్నారు. పొద్దుటి 'ఏ' షిఫ్టుకి వెళ్లేరోజు చీకటుండగానే లేస్తారు. రాత్రి 'సి' షిఫ్టు దిగి వచ్చే రోజు యూనిఫారం కూడా విప్పకుండా పొయ్యి ముందు నిలబడతారు. బెల్లం వేసి, గ్లాసు మీద మూత పెట్టి, నేను తాగేదాకా అక్కడే ఉంటారు.

ఈ ఇంట్లో, ఈ ఊళ్లో, భయపడకుండా నేను నోట పెట్టుకునేది అదొక్కటే.

మార్చి 24

ద్వారకా నగర్‌లో మా ఆఫీసు కోచింగ్ సెంటర్లకి ప్రశ్నల పుస్తకాలు అచ్చు వేస్తుంది. నా పని ప్రూఫులు చూడటం. మాట్లాడనక్కర్లేని ఉద్యోగం కాబట్టి చేరాను. కానీ పక్క కుర్చీలో చంద్రిక ఉంటుంది. పెందుర్తి అమ్మాయి. ఆమె నా వంతు కూడా మాట్లాడుతుంది.

"ఏటే ఇది, డబ్బాలో ఉత్త అన్నం, బీరకాయ? ఏటైంది నీకు?"

చెప్పాను.

"మరి బిస్కట్టు?"

"వద్దు."

"పానీపూరీ?"

"వద్దు."

"పెళ్లికెల్తే?"

"అన్నం. కూరల్లో ఏం వేశారో అడిగి."

"నువ్వా? అడగడమా?" అని గట్టిగా నవ్వింది. "ఆటోవోడు సిల్లర ఇయ్యకపోతే నోరెత్తవు. సర్లే, నన్ను తీసుకెల్లు. నాను అడుగుతాను."

ఏడుపొచ్చింది. ప్రూఫు మీద తల వంచుకున్నాను.

ఏప్రిల్ 2

చదువుతున్నాను. గోధుమ ఎక్కడెక్కడ ఉంటుందో రోజుకొకటి తెలుస్తోంది. మాత్రల్లో ఉండొచ్చట. కవరు అంటించే జిగురులో ఉండొచ్చట. చర్చిలో నాలుక మీద పెట్టే పల్చటి తెల్ల బిళ్ల, అదీ గోధుమేనట.

మా కాన్వెంట్ స్కూలు చాపెల్‌లో వెనక బెంచీలో కూర్చుని చూసేదాన్ని. హిందూ పిల్లలం, మాకు పెట్టేవారు కాదు. ఆ రొట్టె తియ్యగా ఉంటుందా అని ఒకసారి సిస్టర్‌ని అడిగాను. "అది ఇంక రొట్టె కాదమ్మా" అన్నారు. అర్థం కాలేదు. మళ్లీ అడగలేదు.

ఇంత చదివాక నాకు తెలియనిది ఇంకేమీ మిగల్లేదనే అనుకుంటున్నాను.

ఏప్రిల్ 17

గోళ్లు గులాబీ రంగుకి వచ్చాయి. నాన్న కిటికీ దగ్గరికి తీసుకెళ్లి నా చేతులు తిప్పి తిప్పి చూశారు. తర్వాత దేవుడి అలమర ముందు చాలాసేపు నిలబడ్డారు.

వీక్లీ ఆఫ్ రోజున అన్నవరం వెళ్లొచ్చారు. మాది జగ్గంపేట దగ్గర ఊరు, ఆ కొండ కిందుగానే మా రాకపోకలన్నీ. నా పేరు శ్రీసత్య కూడా ఆ కొండ మీది స్వామి పేరే. ప్రసాదం ఆకు పొట్లం విప్పి నానమ్మకి పెట్టారు, పక్కింటి వాళ్లకి పెట్టారు. నాకు పెట్టలేదు. గోధుమ నూక అని గుర్తుపెట్టుకున్నారు. ఎవరు గుర్తుపెట్టుకుంటారు ఇంతగా.

మే 11

ఎండ. జావలో యాలకుల వాసన బాగుంటోంది. కూర పొడికి యాలకులు కావాలని చూస్తే డబ్బా ఖాళీ. నాన్న ఎక్కడో విడిగా దాచుకున్నట్టున్నారు.

మే 12

జావ గ్లాసు అడుగున చిన్న చిన్న పలుకులు తగులుతాయి. నాన్నకి పిండి జల్లించడం రాదు. నాకు అవి పంటి కింద నలగడం ఇష్టం.

జూన్ 8

నోట్లో మళ్లీ పుండు.

జూన్ 10

రెండు.

జూన్ 19

జుట్టు దువ్వెనకి వస్తోంది. కడుపు సంగతి రాయను. నేను ఏ తప్పూ చేయలేదు. బయట మంచినీళ్లు కూడా తాగలేదు.

జూలై 14

రక్తపరీక్ష. తగ్గాల్సిన సీలియాక్ అంకె తగ్గలేదు. మొదట కాస్త దిగి, అక్కడే ఆగిపోయింది.

డాక్టరు గారు కాగితం చూసి, నన్ను చూసి, "ఎక్కడో లోపలికి వెళ్తోంది" అన్నారు.

"లేదండీ."

"బాగా ఆలోచించండి."

"ఇంట్లో అన్నీ చదువుతాం. మా నాన్నగారు భూతద్దంతో చదువుతారు."

"నిజంగానే ఏమీ వెళ్లకుండా ఇలా ఉంటే అది వేరే రకం. పథ్యానికి లొంగని రకం. అప్పుడు స్టెరాయిడ్లు మొదలుపెట్టాలి. అవి చిన్న మందులు కావు. సెప్టెంబరులో మళ్లీ కెమెరా వేసి చూద్దాం. ఈలోగా వెతకండి."

మెట్లు దిగుతుంటే నాన్న నా మోచెయ్యి పట్టుకున్నారు. "ఏం కాదమ్మా. స్వామి ఉన్నాడు" అన్నారు.

జూలై 15

వెతుకుతున్నాను.

జూలై 20

చింతపండు కొత్తది. ఉప్పు కొత్తది. పోపు సామాను కొని, ఏరి, కడిగి ఎండబెట్టాను. గరిటెలు మార్చాను. టూత్‌పేస్ట్ మార్చాను. వంటింట్లో నేను మూత తియ్యని డబ్బా లేదు.

కందిపప్పు మానేశాను. గుడ్డు మానేశాను. ఏది పడటం లేదో తెలియక ఒక్కొక్కటే మానేస్తున్నాను. ఇక మిగిలింది అన్నం, బీరకాయ, ఆనపకాయ, నాన్న జావ.

జూలై 27

బియ్యం డబ్బా మూత మీద తెల్లటి వేలిముద్రలు. పిండి. నానమ్మ రాత్రి చపాతీలు ఒత్తి, చేతులు కడక్కుండా పొద్దుటి అన్నానికి బియ్యం తీసింది.

నేను ఆమెతో ఒక మాట అన్నాను. అది ఇక్కడ రాయను.

జూలై 28

నానమ్మ బట్టలు సర్దుకుంది. వన్ టౌన్‌లో అత్త ఇంటికి వెళ్తానంది. నాన్న ఆపబోయారు. నన్ను చూశారు, నేను ఆపుతానేమోనని. నేను ప్రూఫులు చూసుకుంటున్నాను. ఒక్క తప్పూ కనిపించలేదు. నిజానికి ఒక్క అక్షరమూ కనిపించలేదు.

గుమ్మం దగ్గర, "ఆ పిండి డబ్బా పారేయండి. ఇంక అడ్డేముంది" అంది.

ఆగస్టు 16

నానమ్మ వెళ్లిపోయినా నోటి పుండ్లు తగ్గలేదు.

దీని అర్థమేమిటో నాకు తెలుసు. డాక్టరు గారు అన్న రెండో రకం.

ఆగస్టు 30

చంద్రిక వాళ్లమ్మతో చేయించిన చోడి రొట్టె తెచ్చింది. కొత్త పెనం మీద కాల్పించిందట. నేను ముట్టుకోలేకపోయాను. ఆమె డబ్బా మూసేసి, మొదటిసారి, ఏమీ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక నాన్నకి చెప్పాను. "ఎవరినీ నమ్మలేకపోతున్నాను నాన్నా, మిమ్మల్ని తప్ప."

నాన్న నా తల నిమిరారు.

సెప్టెంబర్ 16

జరిగింది జరిగినట్టు వరసగా రాయడానికి ప్రయత్నిస్తాను.

ఈ రోజు కెమెరా. రాత్రి నుంచి ఏమీ తీసుకోకూడదు. పొద్దున్నే తయారై హాల్లో కూర్చున్నాను. నాన్న సెలవు పెట్టారు. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, వంటింట్లోకి వెళ్లారు, వచ్చారు, మళ్లీ వెళ్లారు.

"ఇవాళ జావ కాయకూడదు కదమ్మా."

"కూడదు నాన్నా."

"ఒక్క చెంచా కూడా?"

"మంచినీళ్లు కూడా వద్దన్నారు కదా."

తల ఊపి లోపలికి వెళ్లారు. దేవుడి అలమర తలుపు కిర్రుమంది. తిరిగొచ్చి నా ముందు నిలబడి, పిడికిలి విప్పారు.

"నోరు తెరువు తల్లీ. ఇది తిండి కాదు. దీనికి ఆ లెక్క లేదు."

అరచేతిలో చిన్న ముద్ద. నేతి మెరుపు. చూడకముందే వాసన తెలిసింది. నేను రోజూ మెచ్చుకుంటూ తాగిన యాలకుల వాసన.

"ఏంటి నాన్నా అది?" తెలిసే అడిగాను.

"స్వామి ప్రసాదం. నీ వంతు రోజూ జావలో చిటికెడు వేస్తున్నాను కదా. ఇన్నాళ్లూ ఒక్కరోజు తప్పలేదు. కొండకి వెళ్లినప్పుడల్లా తెచ్చి చిన్న డబ్బాలో పెట్టి దేవుడి దగ్గరే ఉంచుతున్నాను. ఇవాళ, ఇంత పెద్ద పరీక్ష ఉన్న రోజున తప్పిపోతే ఎలా అని..."

"ఎప్పట్నుంచి?"

"నీ జబ్బుకి పేరు చెప్పారు చూడు, ఆ మర్నాటి నుంచీ. అందుకే కదమ్మా తేరుకున్నావు! గోళ్లు రంగు తిరిగాయి కదా!"

"అది గోధుమ నూక నాన్నా."

"కాదమ్మా." కొంచెం కూడా తడుముకోలేదు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "గోధుమ నూక వండేదాకానే. స్వామికి నివేదన అయ్యాక ఇంక గోధుమేంటి? ప్రసాదం."

ఇంగువ డబ్బా చదివిన మనిషి. మరలో గోధుమలు ఆడతారని రాగులు ఇంట్లో పట్టిన మనిషి. నాకు అబద్ధం చెప్పలేదు, నా దగ్గర దాచలేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు, అంతే. గాలి పీలుస్తున్నామని ఎవరైనా చెప్తారా.

అరవాలనుకున్నాను. చాపెల్ వెనక బెంచీలో నేను, ముందు సిస్టర్. అది ఇంక రొట్టె కాదమ్మా. అప్పుడు మళ్లీ అడగని ప్రశ్న ఇప్పుడు నా ముందు అరచెయ్యి చాపి నిలబడి ఉంది.

"నేను తీసుకోను నాన్నా" అన్నాను.

ఆయన ఆ ముద్దని కింద పెట్టలేరు, పారేయలేరు. కళ్లకద్దుకుని తనే నోట్లో వేసుకున్నారు. మెల్లగా నమిలారు. నమలడం మధ్యలో ఆగిపోయింది. నాకు తెలుసు, అప్పుడు ఆయన పంటికి ఆ పలుకులు తగిలాయి.

ఆసుపత్రిలో డాక్టరు గారికి చెప్పాను. కెమెరా వద్దన్నారు. అది ఆపి మూడు నెలలకి రక్తం చూద్దామన్నారు. "రోజూ రొట్టె ముక్క నుంచి రాలిన పొడంత వెళ్లినా పుండు మానదు. సరే, దొరికింది కదా, అదృష్టవంతులు" అన్నారు.

నాన్న కుర్చీ అంచున కూర్చుని ఉన్నారు. "దేవుడి దగ్గర పెట్టింది అయినా అంతేనాండీ?" అన్నారు.

డాక్టరు గారు వెక్కిరించలేదు. "పేగుకి ఆ తేడా తెలీదండీ."

వచ్చేటప్పుడు పోర్టు రోడ్డులో బొగ్గు లారీల వెనక ఆటో ఆగిపోయింది. నాన్న నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. నాకు కోపం ఉంది. ఉందనే అనుకుంటున్నాను. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు.

సెప్టెంబర్ 17

నాన్న పొద్దుటి 'ఏ' షిఫ్టుకి వెళ్లారు. జావ లేదు. గిన్నె బోర్లించి ఉంది.

సెప్టెంబర్ 20

నాన్న వంటింట్లోకి రావడం లేదు. మంచినీళ్లు కావాలన్నా గుమ్మం దగ్గర నిలబడి అడుగుతున్నారు.

సెప్టెంబర్ 21

సాయంత్రం మెట్ల మీద కూర్చున్నారు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. నన్ను చూడకుండా అన్నారు.

"మీ అమ్మకీ పెట్టేవాణ్ని."

నేను ఆయన మొహంలోకి చూశాను.

"రక్తం ఎక్కిస్తే ఎక్కేది, నిలిచేది కాదు. ఆఖర్న ఇంకేదీ దిగేది కాదు. బ్రెడ్డు పాలల్లో నానబెట్టి కాస్త, స్వామి ప్రసాదం కాస్త. అవే దిగేవి." అప్పుడు నా వైపు తిరిగారు. "ఇది తల్లి నుంచి పిల్లలకి వచ్చే జబ్బా అమ్మా?"

"కాదు నాన్నా" అన్నాను.

"డాక్టరు గారు చెప్పారా?"

"చెప్పారు."

ఊపిరి వదిలారు. ఆ చప్పుడు విన్నాను.

సెప్టెంబర్ 22

అమ్మకి వేరే జబ్బు అయ్యుండొచ్చు. అమ్మ పోయినప్పుడు నేను ఏడో తరగతి. అమ్మ సన్నగా ఉండేది. చాలామంది సన్నగా ఉంటారు.

సెప్టెంబర్ 23

అయ్యుంటుంది.

అక్టోబర్ 5

నానమ్మ కోసం వన్ టౌన్ వెళ్లాను. సందులో సరుకు దించుతున్న ఆటోల మధ్య నుంచి, ఒక్కదాన్నే. అత్త ఇంటి అరుగు మీద నానమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నన్ను చూసి ఒలవడం ఆపలేదు.

"ఏంటే, ఇంకా బతికే ఉన్నావా? నా పిండి లేక బాగుపడ్డావా?"

కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను. చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. నోరు తెరుచుకునే ఉంది. "వీర్రాజా?" అంది. తన కొడుకు పేరు ఎవరిదో కొత్త పేరులా అంది.

"నీకు తెలుసా నానమ్మా?"

"తెలీదే." చిక్కుడుకాయ పళ్లెంలో వేసింది. "తెలిస్తే మాత్రం ఆపేదాన్నా? దేవుడిది కదా, ఏం చేస్తుందిలే అనుకుందును. నిజం చెప్తన్నా."

నేను తల వంచుకుని, నన్ను క్షమించమన్నాను.

"ఆ రోజు ఏమన్నావో గుర్తుందా? 'నన్ను చంపడానికే ఉన్నావా ఈ ఇంట్లో' అన్నావు. కడుపు మండి ఆ మాట మీ మావయ్యకి చెప్పాను. ఆయన ఆ రోజు నుంచీ నా చేతి టీ తాగట్లేదు. కూతురి ఇంట్లో నా పరువు తీశావు గదే!"

ముందు ఆమే నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంటికి వచ్చే ఆటోలో, పిండి డబ్బా పారేశారా అని అడిగింది. పారేయలేదన్నాను. వరండాలో అక్కడే ఉంది.

"వాడిని ఒక్క మాట అనకు. వాడి మొహం ఎలా ఉందో చూడు ముందు" అంది. 

నవంబర్ 9

కార్తీకం. పైక్వార్టర్ దేముడమ్మ గారింట్లో వ్రతం. ఆవిడ ఆకుల్లో పెట్టిన గోధుమ నూక ప్రసాదం పళ్లెంతో వచ్చి నా ముందు చాపారు. నాన్న గోడకి అంటుకుపోయారు. ఆయన మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు.

నానమ్మ లేచి, నా కుడిచెయ్యి పట్టుకుని ఆ ఆకు అందుకునేలా చేసింది. "కళ్లకద్దుకో. ఇప్పుడు మీ నాన్న చేతిలో పెట్టు. అయిపోయింది, నువ్వు తిన్నట్టే. ఎవరు కాదంటారో రమ్మను."

దేముడమ్మ గారు కాదనలేదు.

నాన్న ఆ ఆకు రెండు చేతులతో పట్టుకున్నారు. నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి కూడా అలాగే పట్టుకుని ఉన్నారు.

డిసెంబర్ 18

అంకె సగానికి పడిపోయింది. డాక్టరు గారు కాగితం నా వైపు తిప్పి చూపించారు. ఆ రెండో రకం కాదు. స్టెరాయిడ్లు లేవు. నోరు శుభ్రంగా ఉంది.

"మజ్జిగ మొదలుపెట్టి చూడండి. పడితే తర్వాత పెరుగు" అన్నారు.

ఇంటికి వచ్చాం. నాన్న వంటింటి గుమ్మం బయటే నిలబడి దేవుడి అలమర వైపు చూశారు, చేతులు జోడించలేదు, ఊరికే చూసి వచ్చేశారు. అది నాకు నచ్చలేదు. ఎందుకో తెలియదు.

డిసెంబర్ 19

కందిపప్పు తిన్నాను. పడింది. చంద్రిక వాళ్లమ్మ చోడి రొట్టె మళ్లీ అడిగి తెప్పించుకున్నాను. "ఎన్నాలకి!" అని ఆఫీసంతా వినిపించేలా అరిచింది.

డిసెంబర్ 20

పొద్దున నాన్నని అడిగాను. "జావ కాస్తారా? మజ్జిగ పోసి."

"నానమ్మ కాస్తుందిగా."

"నానమ్మది ఉండలు కడుతుంది."

"వింటున్నానే" అంది నానమ్మ వరండాలోంచి.

నాన్న గుమ్మం దగ్గరే నిలబడ్డారు. మూడు నెలలుగా దాటని గుమ్మం. "సరే. నువ్విక్కడే ఉండి చూడు. నేను ఏది వేస్తున్నానో ఒక్కొక్కటీ చెప్పి వేస్తాను."

"వద్దు నాన్నా. చెప్పక్కర్లేదు."

"చూడవా?"

"చూడను."

లోపలికి వచ్చారు. గిన్నె తీసిన చప్పుడు. నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. 'ఏ' షిఫ్టు బస్సు వెళ్లిపోయిన రోడ్డు ఖాళీగా ఉంది. వెనక పొయ్యి వెలిగింది, గరిటె తిరిగింది. నా వీపు మొత్తం చెవిలా ఉంది. ఒకచోట గరిటె ఆగింది. దేవుడి అలమర నాన్నకి చెయ్యందే దూరంలోనే ఉంటుంది. నేను తిరగలేదు. కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను. గరిటె మళ్లీ తిరిగింది.

చల్లారాక మజ్జిగ కలిపి గ్లాసు నా చేతికి ఇచ్చారు. మూత పెట్టి ఇవ్వడం మర్చిపోలేదు. ఎప్పట్లాగే ఎదురుగా నిలబడ్డారు.

తాగాను. యాలకుల వాసన లేదు. అడుగున పలుకులు లేవు. మజ్జిగ పుల్లగా, చల్లగా గొంతు దిగింది, ఎన్నాళ్లకో.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది నాన్నా."

ఉప్పు ఎక్కువైంది. అమ్మ సంగతిలాగే, అది కూడా చెప్పలేదు.